ఎనిమిదో అంతస్తుకు ఐదు రోజులు

కింద నుంచి ఎనిమిదో అంతస్తుకు ఆ లిఫ్టు ఇరవై తొమ్మిది సెకన్లలో చేరుతుంది. నడిచి వెళితే నూట యాభై రెండు మెట్లు, పదహారు మలుపులు. లిఫ్టు లెక్క నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు. మెట్ల లెక్క మాత్రం ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మోసిన వారంలోనే తెలిసింది.

నేను చదివింది ఏడో తరగతి. రాయచోటి దగ్గరి మా ఊరి నుంచి కువైట్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదటి ఆరేళ్లు లిఫ్టు జారే ఇనుప పట్టాలు మోశాను. ఒక్కో పట్టా ఐదు మీటర్లు, అరవై రెండు కిలోలు, ఇద్దరు మనుషులు. మోస్తూనే కొలవడం నేర్చుకున్నాను. టేపు, ఆ తరువాత మిల్లీమీటరులో భాగాలు చూపే వెర్నియర్, ఆ తరువాత కరెంటు మీటర్లు. ఇప్పుడు లిఫ్టుల నిర్వహణ చూసే కంపెనీలో పద్నాలుగు భవనాలు నా వంతు. హవల్లీలోని ఆ భవనం వాటిలో ఒకటి.

ఎనిమిదో అంతస్తులో మా అక్క పనిచేసేది. బావ పోయాక రెండేళ్లకు వచ్చింది. ఆ ఇంట్లో మనిషి కావాలని హారిస్ చెబితే నేనే మాట్లాడి చేర్పించాను. హారిస్ అంటే భవనాన్ని చూసుకునే కాపలా మనిషి. అతనిది కడప. ఇంటి యజమానురాలు ఒంటరి ముసలావిడ, భర్త లేరు, పిల్లలు లేరు. నలభై ఏళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. అక్క ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలిచేది. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరూ యజమానురాలిని అలాగే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

మామాకు నా నెలవారీ పుస్తకం చూడటం సరదా. ప్రతి నెలా పని ముగించుకుని పైకప్పు మీది యంత్రాల గది నుంచి దిగేటప్పుడు తలుపు తట్టేవాణ్ణి. అక్క టీ ఇచ్చేది. మామా కళ్లద్దాలు పెట్టుకుని తాడు మందం, లిఫ్టు ఆగే ఎత్తులో తేడా, బ్రేకు పట్టే దూరం, అన్నీ చదివేవారు. మిల్లీమీటర్లలో సగాలను ఎలా రాయాలో, పన్నెండు నెలల అంకెలకు సగటు ఎలా తీయాలో ఆమే నేర్పారు. సరిగ్గా ఉంటే పెన్సిలుతో పక్కన చిన్న గీత గీసి "సహ్" అనేవారు. సరి అని అర్థం. నా కంపెనీలో ఆ పుస్తకాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు.

రోజులు లెక్కపెట్టడంలో నాకు పేరుండేది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువుకు ఎన్ని రోజులు, ఊరికి పోవడానికి ఎన్ని రోజులు, ఎవరు అడిగినా వేళ్లు ముడవకుండా చెప్పేవాణ్ణి. హారిస్ నన్ను గేటులో చూడగానే మొదలుపెట్టేవాడు.

"వచ్చినాడప్పా పంచాంగం. అన్నా, నా లీవుకు ఇంకా ఎన్ని దినాలుండాయి?"

"నూట ముప్పై ఏడు."

"రెండు మూడు తగ్గించి చెప్పరాదా! నీ సొమ్మేం పోయింది?"

మా అక్క అయితే నా మాటను గోడ మీది కాలెండరు కన్నా ఎక్కువ నమ్మేది. ఆమెకు చదువు రాదు. వారానికి మూడు రోజులు, శనివారం, సోమవారం, బుధవారం, మామాను డయాలిసిస్‌కు తీసుకెళ్లేది. ఏ తారీఖున ఏ మందు తెచ్చుకోవాలో నన్నే ఫోనులో అడిగి, మాత్రల డబ్బాల మీద గీతలు గీసుకునేది.

ఇక్కడ లిఫ్టులకు ప్రభుత్వ నిబంధనలు గట్టివి. ప్రతి లిఫ్టుకూ లైసెన్సు ఉన్న కంపెనీతో నిర్వహణ ఒప్పందం ఉండాలి. నెలనెలా చేసిన పని పుస్తకంలో రాయాలి. ఏడాదికొకసారి ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చి చూస్తాడు. ప్రాణానికి సంబంధించిన లోపం కనిపిస్తే లిఫ్టు ఆపి, మనుషులను ఎక్కించి నడిపే స్విచ్చుకు తీగ చుట్టి సీలు వేస్తాడు. మరమ్మతు అయ్యాక మళ్లీ అతనే వచ్చి పరీక్షించి సంతకం పెట్టాలి. అప్పటిదాకా పని కోసం మేము పక్కనున్న మరమ్మతు స్విచ్చు వేసుకోవచ్చు, ఏ రోజు ఎంతసేపు వేశామో రాయాలి. మనుషులను మాత్రం ఎక్కించకూడదు. ఈ నిబంధన నాకు మొదటి నుంచీ నచ్చింది. పని చేసినవాడి కంటికి తన పని ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఇంకొకరి కన్ను కావాలి.

ప్రతి లిఫ్టుకూ ఒక పట్టుడు ఏర్పాటు ఉంటుంది. వేగం మీరితే దవడల వంటి ఇనుప ముక్కలు రెండు వైపులా పట్టాలను కరిచి లిఫ్టును ఆపుతాయి. వాటిని లాగడానికి ఒక సన్నని తాడు, ఆ తాడును బిగువుగా ఉంచడానికి అడుగున గుంటలో ఒక బరువు. ఆ భవనంలో తాడు సాగుతూ వచ్చింది. బరువుకూ నేలకూ మధ్య దూరం ఒక నెల పదకొండు సెంటీమీటర్లు, తరువాత ఎనిమిది, తరువాత నాలుగున్నర. మూడు నెలలూ రాశాను, మూడుసార్లూ సూపర్‌వైజరుకు చెప్పాను. తనిఖీ అయ్యాక చూద్దామన్నాడు.

ఒక ఆదివారం ఉదయం తనిఖీ అధికారి వచ్చాడు. అప్పటికి బరువు నేలను తాకి ఉంది. పరీక్షిస్తే దవడలు పట్టలేదు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగాడు. సూపర్‌వైజరు నా వైపు చూశాడు. నేను పుస్తకం తెరిచి ఇచ్చాను. అధికారి మూడు నెలల అంకెలూ చదివి, పైకి వెళ్లి సీలు వేశాడు.

అతను వెళ్లాక సూపర్‌వైజరు హిందీలో, "హరిశ్చంద్రుడివా నువ్వు?" అన్నాడు. నిజానికి ఆ గంటసేపు నాకు గర్వంగా ఉంది. ఆ లిఫ్టు మామూలుగా నడుస్తోంది, కుదుపు లేదు, చప్పుడు లేదు. పడితే పట్టుకునేది మాత్రం లేదు. ఆ సంగతి ఆ భవనంలో నా పుస్తకానికి ఒక్కదానికే తెలుసు.

మెట్లెక్కి ఎనిమిదో అంతస్తుకు వెళ్లాను. అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమిరా, నిలిపేసినారంటనే? రేపు సోమవారం. మామాను ఎట్ల దింపాల?"

"కుర్చీలో కూర్చోబెట్టి మోద్దాం అక్కా. నేనుంటా, హారిస్ ఉంటాడు."

"ఎన్ని దినాలు?"

అప్పుడు నేను లెక్క వేశాను. తాడు సబ్‌హాన్ గోడౌనులో ఉంది, సోమవారం చేతికి వస్తుంది. మంగళవారం బిగించి, పరీక్షించి, ఆ రోజే తనిఖీకి అర్జీ పెడతాం. బుధవారం పండుగ సెలవు, అది తీసేశాను. గురువారం అధికారి వస్తాడు.

"ఐదు దినాలు. గురువారం మధ్యాన్నానికి లిఫ్టు నడుస్తాది."

"ఖరారుగా చెప్పు. ఎక్కువైతాదంటే మామాను వాళ్ల తమ్ముడింటికి తోలుకపోతాం. సాల్మియాలో ఆయప్పది కింది ఇల్లే, మెట్లు లేవు. రమ్మనే అంటాండాడు. ఈమెకే ఈ ఇల్లు ఇడిసి పోవాలంటే ఇష్టం లేదు."

"ఐదేలే అక్కా. ఐదు దినాల కోసం ఇల్లు మారడం యాలకు?"

లోపలి నుంచి మామా అరబీలో ఎన్ని రోజులట అని అడిగారు. అక్క ఐదు వేళ్లు చూపించింది. మామా నవ్వి, "ఖలాస్, అయితే సరే, ఇక్కడే ఉంటాను" అన్నారు.

సోమవారం మధ్యాహ్నం ఆమెను మోశాం. ప్లాస్టిక్ కుర్చీకి రెండు వైపులా పైపులు కట్టి, ముందు హారిస్, వెనుక నేను. అక్క పక్కన నడుస్తూ దుప్పటి పట్టుకుంది. మామా బరువు నలభై మూడు కిలోలు. పట్టా కన్నా పంతొమ్మిది కిలోలు తక్కువ. అయినా పట్టాకు భయం ఉండదు, ఈమెకు ఉంది. ప్రతి మలుపులోనూ కుర్చీ వంగేది, ఆమె కళ్లు మూసుకుని నా చొక్కా అంచు పట్టుకునేవారు. ఆమెను నవ్వించాలని హారిస్, "మామా, మీకు పెండ్లి ఊరేగింపు!" అని వచ్చీరాని అరబీలో అన్నాడు. ఆమె కళ్లు తెరవకుండానే, "పెళ్లికొడుకు ఆలస్యం చేశాడు" అన్నారు.

మంగళవారం తాడు బిగించాను. దవడలను మూడుసార్లు పరీక్షించాను. మూడుసార్లూ రెండు వైపులా సమంగా పట్టాయి. అదే రోజు అర్జీ వెళ్లింది.

బుధవారం మళ్లీ దింపాం. ఆసుపత్రికి సెలవులు లేవు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మామా తమ్ముడే కారు నడుపుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర ఆపి, నేరుగా మా ఇంటికే పోదామా అని ఆమెను అడిగాడు. ఆమె బాగా అలసిపోయి ఉన్నారు. ఏం చేయాలన్నట్టు అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"రేపేగదక్కా లిఫ్టు వచ్చేది," అన్నాను.

పైకి మోశాం. దింపడం కన్నా ఎక్కించడం కష్టం. ఐదో అంతస్తు మలుపులో పైపు నా చేతిలో జారింది. కుర్చీ గోడకు తగిలింది. మామా పడలేదు, కానీ గట్టిగా అరిచారు. ఆ తరువాత మూడు అంతస్తులూ కళ్లు తెరవలేదు. నాకు బాగా పరిచయమైన ఆ గొంతు అలా అరవగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

గురువారం ఉదయం ఏడింటికే వెళ్లి గేటు దగ్గర నిలుచున్నాను. తొమ్మిదయింది. పదయింది. సూపర్‌వైజరుకు ఫోను చేశాను.

"ఏ తనిఖీ? ఈరోజు ఆఫీసులు లేవు గదా! బుధవారం సెలవు, శుక్ర శని ఎలాగూ సెలవు. మధ్యలో మిగిలిన గురువారాన్ని కూడా కలిపేశారు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నావు, ఇది తెలీదా?"

తెలియదు. నా ఇరవై రెండేళ్లలో పండుగకూ శుక్రవారానికీ మధ్య మిగిలే గురువారం నాకు ఎప్పుడూ సెలవు కాలేదు. మా కంపెనీలో పండుగ రోజే సగం పూట పని ఉంటుంది, మధ్యలో మిగిలిన రోజు సంగతి ఎవరు పట్టించుకుంటారు? నా రోజులను బట్టే ప్రభుత్వ ఆఫీసు రోజులనూ లెక్కపెట్టాను. మెట్ల మీద కూర్చుని మళ్లీ లెక్కపెట్టాను. ఆఫీసు ఆదివారం తెరుస్తుంది. నాలుగు రోజుల అర్జీలు పేరుకుని ఉంటాయి. అధికారి రావడం మంగళవారమైనా కావచ్చు. ఐదు పది అయింది.

అక్కకు చెప్పాను. ఆమె అరవలేదు. "మళ్లా ఒగసారి లెక్కజూడు" అంది. చదువు రాని మనిషికి లెక్క అంటే అంత నమ్మకం. మళ్లీ చూస్తే తగ్గుతుందని.

ఆ మధ్యాహ్నమే మామా తమ్ముడికి ఫోను చేశాం. సెలవులు కలిసి వచ్చాయని ఉదయమే ఇంటిల్లిపాదితో దేశం దాటి వెళ్లాడు. ఇంటికి తాళం ఉంది.

శనివారం పన్నెండింటికి కుర్చీ తీసుకుని పైకి వెళ్లాం, నేనూ హారిసూ. మామా మంచం మీద కూర్చుని ఉన్నారు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. కుర్చీని చూడగానే తల అడ్డంగా ఊపారు.

"లా. ఆ మెట్ల మీద ఇక నన్ను మోయవద్దు. రేపు ఆఫీసులు తెరుస్తారు కదా. రేపు లిఫ్టులో దిగుతాను. ఒక్కరోజుకు ఏమీ కాదు."

లిఫ్టు రేపే రాదని అక్క ఎంతో చెప్పింది. బతిమాలింది, కోప్పడింది. ఆసుపత్రికి ఫోను చేస్తే ఆదివారం డయాలిసిస్‌కు ఒక చోటు ఉందన్నారు. అది విన్నాక మామా అసలు కదలలేదు. అప్పుడు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది.

"తాడు మార్చినావు గదా?"

"మార్చినా."

"పట్టుకుంటాది గదా?"

"మూడుసార్లు చూసినా. పట్టుకుంటాది."

"మరింకేమిరా? పైన గది బీగం చెవి నీ జోబీలోనే ఉండాది. ఒగసారి కిందికి దించు. ఎవురికి తెలుస్తాది?"

"సీలుండాది అక్కా. ఆయప్ప వచ్చి సంతకం పెట్టేదాకా మనుషుల్ని ఎక్కించకూడదు."

"సంతకం లిఫ్టును మోస్తాదా? తాళ్లు గదా మోసేది!"

నేను పైకప్పు మీదికి వెళ్లాను. యంత్రాల గది తెరిచాను. స్విచ్చుకు చుట్టిన తీగ, దాని మీద సీసం బిళ్ల. లెక్క వేశాను. ఎనిమిది మందికి, ఆరు వందల ముప్పై కిలోలకు కట్టిన లిఫ్టు. మామా నలభై మూడు, అక్క అరవై ఒకటి, నేను డెబ్బై రెండు. కలిపి నూట డెబ్బై ఆరు. నాలుగు తాళ్లు, ఒక్కొక్కటీ ఒంటరిగా మొత్తాన్నీ మోయగలదు. వాటి మందం గత నెలే నేను కొలిచాను. కొత్త తాడు నేనే బిగించాను. ఎటు నుంచి లెక్కపెట్టినా అది దిగుతుంది. ఇరవై తొమ్మిది సెకన్లు.

తీగను ముట్టుకోలేదు. ఎంతసేపు నిలబడ్డానో అది ఒక్కటే నేను లెక్కపెట్టలేదు. నిబంధన మీది గౌరవమా, ఉద్యోగం పోతుందన్న భయమా, ఒకసారి తప్పిన లెక్క మీద మళ్లీ మనిషి ప్రాణం పెట్టలేకపోవడమా, ఇన్ని నెలలైనా వేరు చేయలేకపోయాను. మూడూ ఉన్నాయి. ఏది ఎంత అన్నది తెలియదు.

దిగి వచ్చి, కాదక్కా అన్నాను.

ఆమె గిన్నెలు సర్దుతోంది. తల ఎత్తలేదు. "నీ పుస్తకం సక్కగుంటే సాలులే నీకు. పో," అంది.

గదిలో మామాకు మా గొడవ అర్థమైనట్టుంది. నన్ను దగ్గరకు పిలిచారు. ఊపిరి కొంచెం బరువుగా తీస్తున్నారు. "అక్క మీద కోపం పెట్టుకోకు. నువ్వు చేసింది సరే" అన్నారు. ఆమె 'సహ్' అన్న మాటే వాడారు. వాడకుండా ఉంటే బాగుండేది.

ఆదివారం తెల్లవారుతుండగా అక్క ఫోను చేసింది. మామాకు ఊపిరి అందడం లేదు. నేను వెళ్లేసరికి అంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు పట్టీల కుర్చీలో ఆమెను బిగించి మెట్ల మీదుగా దింపారు. అలవాటైన మనుషులు, ఎక్కడా జారలేదు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. ఆక్సిజన్ గొట్టం పట్టుకుని అక్క వాళ్ల వెంట పరుగులాంటి నడకతో దిగింది. చెప్పులు వేసుకోలేదు.

మంగళవారం తనిఖీ అధికారి వచ్చాడు. పదకొండు నిమిషాలు పట్టింది. దవడలు పట్టాయి. ఒక్క అభ్యంతరం రాయలేదు. సీలు తీసి, సంతకం పెట్టి, ధ్రువపత్రాన్ని లిఫ్టు లోపల అంటించమని ఇచ్చాడు. "శుభ్రంగా చేశావు" అన్నాడు. హారిస్ పక్కనే ఉన్నాడు. రోజూ ఏదో ఒక మాట విసిరేవాడు ఆ రోజు నేల వైపు చూస్తూ నిలుచున్నాడు.

మామా గురువారం ఉదయం పోయారు. ఆసుపత్రి డాక్టరును నేనే అడిగాను, ఆ ఒక్క శనివారం తప్పినందుకా అని. గుండె ముందే బలహీనంగా ఉంది, కచ్చితంగా ఇంత అని చెప్పలేం అన్నాడు. నాకు కావలసింది ఆ ఇంతే. నూటికి పదా, యాభయ్యా, తొంభయ్యా. పన్నెండు నెలలకు సగటు తీయడం నేర్పిన మనిషి చావులో నా వంతు ఎంతో నాకు ఎవరూ చెప్పలేదు.

మామా తమ్ముడు మంచివాడు. తన ఇంట్లో పనికి ఉండమని, కాగితాలన్నీ తానే మార్పిస్తానని అక్కకు చెప్పాడు. అక్క వద్దంది. నెలన్నర తరువాత ఊరికి టికెట్టు తీసుకుంది. ఆ నెలన్నరా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఫోను చేస్తే ఎత్తేది, తిన్నావా అని అడిగేది. ఆమె తిడితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.

విమానాశ్రయంలో ఆమె సూట్‌కేసు తూకం వేయించి, వరుసలో నిలబెట్టాను. ఇరవై తొమ్మిదిన్నర కిలోలు. ముప్పైకి అర కిలో తక్కువ. చెప్పాను. ఆమె తల ఊపింది. వరుస మెల్లగా కదులుతోంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అక్కా, ఆ పొద్దు సీలు తెంచింటే బాగుండెనా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. నన్ను సమాధానపరచడానికి కాదు, నిజంగానే ఆలోచించింది.

"తెంచకుంటేనే మేలు. నీ బతుకు గూడా పొయ్యేది. అది గాదురా."

"మరేంది?"

"ఆ మొదటి దినం నేనడిగితే ఐదని యాల చెప్తివి? తెలీదక్కా అని చెప్పింటే సాలు గదా. ఆ పొద్దే సాల్మియాకు తోలుకపోయేదాన్ని. ఆడ నేను పక్కనే ఉండేదాన్ని, ఇంగా బతికుండేది ఆమె. తెలీదు అనే మాట నీ నోట ఒగసారన్నా వస్తాదని సూసినా. ఎప్పుడూ రాలే."

ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. చేతిలో పాసుపోర్టు, దానిలో మడిచిన టికెట్టు కాగితం. వెనుక నిలబడిన మనిషి ముందుకు జరగమని మర్యాదగా సైగ చేశాడు.

"పోయొస్తా," అంది. రెండడుగులు వేసి ఆగి, "వేళకు తిను" అంది.

వరుస ముందుకు కదిలింది, ఆమె దానితో పాటు కదిలింది.